43 ఏళ్ల కొత్త నర్సుకు మొదటి వార్డు ఏది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినావిడకు 43 ఏళ్లు. 15 ఏళ్లు ఆఫీసులో అకౌంట్స్ చూసి, అది వదిలేసి నర్సింగ్ చదివారు. ఇప్పుడే పాసయ్యారు. చేతిలో రెండు అవకాశాలున్నాయి. ఒకటి 30 పడకల సర్జరీ వార్డు: మూడు నెలల శిక్షణ, నైట్ డ్యూటీలు తప్పవు. రెండోది ఇళ్లకు వెళ్లి రోగులను చూసే పని: పగలు మాత్రమే, రెండు వారాల శిక్షణ. క్లాస్‌మేట్లేమో "ఐసీయూలో చేరకపోతే చదివింది దండగ" అంటున్నారట. ఒక మోకాలు అప్పుడప్పుడూ పేచీ పెడుతోంది. నా వయసుకి ఏది సరిపోతుంది అని అడిగారు.

సూటిగా చెప్తాను. సర్జరీ వార్డులో చేరండి. మీ వయసుకి అది తేలిక అని కాదు, తేలిక కాదు కూడా. అక్కడ మూడు నెలలపాటు మీ పక్కన ఇంకో నర్సు ఉంటుంది. మొదటి ఉద్యోగానికి విభాగం పేరు కంటే ముందు చూడాల్సింది అదే. మీకు సైకియాట్రీయో, లేబర్ రూమో, డయాలిసిసో అంటే ముందునుంచే మనసు లాగుతుంటే సంగతి వేరు, దాని గురించి కింద రాశాను. అలాంటి ఇష్టం ఏదీ మీ ప్రశ్నలో కనపడలేదు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ సలహా ఎక్కడినుంచి వస్తోందో మీకు తెలియదు. నేను 39వ ఏట మొదటిసారి నర్సు యూనిఫాం వేసుకున్నాను. ఇప్పుడు 57. మూడేళ్లు సర్జరీ వార్డు, రెండేళ్లు ఐసీయూ, అప్పటినుంచి డయాలిసిస్. ఎనిమిదేళ్లుగా కొత్తవాళ్లకు పని నేర్పడం కూడా నా డ్యూటీలో భాగం. వాళ్లలో 22 ఏళ్ల పిల్లలూ ఉన్నారు, 40 దాటినవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ తప్పులు చేస్తారు, కానీ ఒకే రకం తప్పులు కాదు.

"ప్రశాంతమైన ఉద్యోగం" గురించి

40 దాటి నర్సింగ్‌లోకి వచ్చినవాళ్లకు చుట్టుపక్కల అందరూ చెప్పే మాట ఒకటే: "ఈ వయసులో ఆ పరుగులెందుకు, ఏదైనా ప్రశాంతమైన చోట చూసుకో." ఇళ్లకు వెళ్లి చూసే పని, చిన్న క్లినిక్, స్కూల్లో నర్సు, వృద్ధుల కేంద్రంలో రాత్రి డ్యూటీ. బయటినుంచి చూస్తే ఇవన్నీ ప్రశాంతంగానే ఉంటాయి. అక్కడ మీరు తప్ప ఇంకో నర్సు ఉండదు కాబట్టి ఆ ప్రశాంతత.

ఒక్క ఉదాహరణ చెప్తాను. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోగికి కట్టు మార్చడానికి వెళ్లారు. కట్టు విప్పారు. కుట్ల చుట్టూ కొంచెం ఎర్రగా ఉంది. అది మానేటప్పుడు మామూలుగా ఉండే ఎరుపా, చీము పట్టబోతున్న ఎరుపా? వార్డులో అయితే వెనక్కి తిరిగి "ఒకసారి ఇటు రండి" అంటే చాలు. అక్కడ మాత్రం మీరు, మీ ఫోను, పక్కన నిలబడి "పర్వాలేదా సిస్టర్?" అని అడిగే రోగి కొడుకు. ఏదో ఒకటి చెప్పి తీరాలి. చర్మం తాకి వేడి చూడాలి, ఎరుపు అంచు పెన్నుతో గీసి పెట్టాలి, జ్వరం, పల్స్ చూడాలి, పిక్క వాచిందేమో కూడా చూడాలి. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. రెండు వందల గాయాలు చూసిన మనిషికి చెయ్యి దానంతటదే వాటి దగ్గరికి వెళ్తుంది, మూడు గాయాలు చూసిన మనిషికి వెళ్లదు.

ఇళ్లకు వెళ్లే పని తక్కువదని నేననడం లేదు. నాకు తెలిసిన చాలా మంచి నర్సుల్లో ఇద్దరు ఇప్పుడు అదే చేస్తున్నారు. ఇద్దరూ ఆస్పత్రిలో అయిదారేళ్లు చేసి వెళ్లినవాళ్లే.

నెరిసిన జుట్టుతో వచ్చే చిక్కు

22 ఏళ్ల అమ్మాయి వార్డులోకి వస్తే కొత్త పిల్ల అని అందరికీ తెలిసిపోతుంది. ఎవరో ఒకరు ఓ కన్నేసి ఉంచుతారు. అదే మీరో నేనో వస్తే? పెద్ద సిస్టర్ వచ్చిందని రోగి సర్దుకుని కూర్చుంటాడు. డ్యూటీ డాక్టరు గొంతు తగ్గించి మాట్లాడతాడు. బంధువులు అసలు సీనియర్‌ని వదిలేసి మీ దగ్గరికే వస్తారు. నిజం చెప్పాలంటే అది బాగుంటుంది. చిక్కంతా అక్కడే.

నేను చేరిన మూడో వారం, నైట్ డ్యూటీ. పేగు మూసుకుపోయి కడుపు ఉబ్బిన ఒక పెద్దాయనకు రైల్స్ ట్యూబ్ వేయాలి, అంటే ముక్కులోంచి కడుపులోకి గొట్టం. డ్యూటీ డాక్టరుకి నా కొడుకు వయసు కంటే కొంచెం ఎక్కువ ఉంటుందేమో. నన్ను చూసి, "మేడమ్, ట్యూబ్ వేసేయండి, మీకు చెప్పక్కర్లేదుగా" అని ఇంకో వార్డుకి పరిగెత్తాడు. నేను అప్పటికి దాన్ని బొమ్మ మీద రెండుసార్లు వేశాను. మనిషి మీద ఒక్కసారీ వేయలేదు. "నాకు రాదు బాబూ" అనడానికి అరక్షణం చాలు, కానీ నోరు పెగల్లేదు. ట్రే తీసుకుని వెళ్లాను.

గొట్టం సగం దాకా వెళ్లగానే ఆయన దగ్గడం మొదలుపెట్టారు. కళ్లవెంట నీళ్లు. నోరు తెరిపించి చూస్తే గొట్టం నాలుక వెనక చుట్టలు చుట్టుకుని ఉంది. తీసి మళ్లీ ప్రయత్నించాను. ముక్కులోంచి రక్తం వచ్చింది. అప్పుడు పిలిచాను, అవతలి వరసలో పని చేస్తున్న అమ్మాయిని. 24 ఏళ్లు ఉంటాయేమో. తను వచ్చి ముందు ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన కుదుటపడే దాకా ఆగింది. మంచం తలవైపు బాగా పైకెత్తింది. ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా, అక్కడినుంచి రొమ్ము ఎముక చివరి దాకా గొట్టాన్ని కొలిచి, అక్కడ టేపు ముక్కతో గుర్తు పెట్టింది. రెండో ముక్కు రంధ్రం ఎంచుకుంది. గొట్టం గొంతు దగ్గరికి చేరాక, "తాతగారూ, గడ్డం దించి ఉమ్మి మింగండి, ఆఁ, మళ్లీ మింగండి" అంటూ ప్రతి గుటకకీ కొంచెం కొంచెం లోపలికి తోసింది. కాసేపట్లో ఆకుపచ్చ నీళ్లు సంచిలోకి దిగాయి.

తర్వాత చేతులు కడుక్కుంటూ అడిగింది: "ముందే పిలవచ్చుగా అక్కా?"

నేనేం చెప్పలేదు. ఆ పెద్దాయన ముక్కు నా మొహమాటానికి బలైంది, అంతే. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే 40 దాటిన కొత్తవాళ్లందరికీ మొదటి రోజే ఒక వాక్యం నేర్పుతాను: "ఇది నేను మనిషి మీద ఎప్పుడూ చేయలేదు, మీరు పక్కన ఉంటే చేస్తాను." ఇంట్లో అద్దం ముందు గట్టిగా అని చూడమంటాను కూడా. నవ్వుతారు. కానీ ఆ మాట అవసరమైన రాత్రి అది నోటికి అలవాటై ఉండాలి.

మీకు ఇంకో కష్టం కూడా ఉంటుంది. నర్సు పని ఎలా ముదురుతుందో అమెరికన్ నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రీషియా బెన్నర్ 1984లో అయిదు మెట్లుగా వివరించారు. పైలట్లను, చదరంగం ఆడేవాళ్లను గమనించి డ్రైఫస్ సోదరులు కట్టిన నమూనాను ఆవిడ నర్సింగ్‌కు అన్వయించారు. అందులో మూడో మెట్టు, అంటే పని మన చేతిలో ఉందని అనిపించే దశ, ఒకే రకమైన చోట రెండు మూడేళ్లు చేస్తే గానీ రాదంటారు. నా అనుభవంలో కూడా అంతే. మీరు అకౌంట్స్‌లో అయిదో మెట్టు మీద ఉండేవారు. లెడ్జర్ చూడగానే ఎక్కడో తేడా ఉందని ముక్కు పసిగట్టేది కదా. ఆ మనిషి మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడి, చెక్‌లిస్ట్ చూసుకుంటూ పని చేయాలి. మొదటి ఆరు నెలల్లో మానేసే పెద్దవాళ్లలో ఎక్కువమంది పని బరువుకు మానేయడం నేను చూడలేదు, ఈ చిన్నతనం భరించలేక మానేశారు. పక్కన మంచి సీనియర్ ఉంటే ఇది సగం తగ్గుతుంది.

వార్డు ఏం నేర్పుతుంది

కాన్యులా (మందులెక్కించడానికి నరంలో ఉంచే సన్న గొట్టం) పెట్టడం, డ్రెస్సింగ్, డ్రెయిన్ (ఆపరేషన్ చోటునుంచి ద్రవం బయటికి తెచ్చే గొట్టం) ఖాళీ చేయడం, మందులివ్వడం, ఇవన్నీ ఎక్కడైనా వస్తాయి. సర్జరీ వార్డు నేర్పే గొప్ప విషయం, బాగున్న మనిషి ఎప్పుడు బాగాలేకుండా పోతున్నాడో పసిగట్టడం.

ఆపరేషన్ అయిన మర్నాడు ఒకావిడ "ఏదోలా ఉందమ్మా" అంది. కట్టు పొడిగా ఉంది. బీపీ 124/80. కానీ పల్స్ పొద్దున 84, పదింటికి 98, ఇప్పుడు 116. శ్వాస 16 నుంచి 26కి వచ్చింది. నా పక్కనున్న సీనియర్ ఆ అంకెలు చూసి, కట్టు వైపు కూడా చూడకుండా, నేరుగా సర్జన్‌కి ఫోన్ చేసింది. లోపల రక్తం పోతోంది. ఒంట్లో రక్తం దాదాపు 30 శాతం పోయేదాకా బీపీ నిలబడి ఉండొచ్చు, పల్స్ మాత్రం ముందే పెరుగుతుంది. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే. ఆ మంచం పక్కన నాకు గుర్తు రాలేదు. బీపీ బాగుందిలే అని నేను పక్క మంచానికి వెళ్లబోతున్నాను.

ఆరోజు నుంచి నేను శ్వాసను పూర్తి నిమిషం లెక్కపెడతాను. చాలామంది అంచనాగా 18 అనో 20 అనో రాసేస్తారు. రోగి దిగజారుతున్నాడని ముందుగా చెప్పేది తరచూ ఆ అంకే, అందరూ కాకిలెక్క వేసేదీ ఆ అంకెకే. మీరు లెక్కల మనిషి, మీకు ఇది కోపం తెప్పించాలి.

లెక్కలంటే గుర్తొచ్చింది. పాత ఉద్యోగం వృథా అనుకోకండి. రోగికి వెళ్లిన ద్రవాలు, బయటికొచ్చిన మూత్రం, డ్రెయిన్, వాంతులు, అన్నీ కూడి తీసేసే చార్టు ప్రతి వార్డులో ఉంటుంది. దాన్ని సరిగ్గా నింపే వార్డు నేను చూడలేదు. ఒక మాజీ క్యాషియర్ మా దగ్గర చేరాక నెల రోజులకే డాక్టర్లు ఆవిడ చార్టు చూశాకే మందు రాయడం మొదలుపెట్టారు.

ముందు ఏడాది జనరల్ వార్డు చేసి తీరాలా?

అక్కర్లేదు. ఇది పాతకాలం నుంచి వస్తున్న మాట. మీకు ఒక విభాగం మీద గట్టి ఇష్టం ఉండి, అక్కడ కొత్తవాళ్లకోసం సరైన శిక్షణ ఉంటే నేరుగా వెళ్లొచ్చు. 22 ఏళ్ల వాళ్లకు ఏడాది ఆగితే పోయేదేం లేదు. మీకు కూడా ఇంకా 15, 20 ఏళ్ల పని ఉంది, కానీ ఇష్టంలేని చోట పళ్లు బిగించి ఏడాది గడపమని నేను చెప్పను. ఇష్టం ఇంకా తేలనివాళ్లకు మాత్రం వార్డే మేలు. అన్ని రకాల రోగులూ కనపడతారు, రెండేళ్లయ్యాక ఎటైనా వెళ్లొచ్చు.

మిగతా విభాగాల గురించి నాకు తెలిసినంత వరకు చెప్తాను.

ఐసీయూ. మీ క్లాస్‌మేట్లు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఒక్కో నర్సుకు ఒకరిద్దరు రోగులే ఉంటారు, లోతుగా నేర్చుకోవచ్చు, పక్కనే డాక్టరు ఉంటాడు. నేరుగా చేరి నిలదొక్కుకున్న కొత్తవాళ్లూ ఉన్నారు. కానీ కొత్త నర్సు అక్కడ మెషిన్ చూడటం నేర్చుకుని మనిషిని చూడటం మర్చిపోయే ప్రమాదం ఉంది. మానిటర్ మీద అంకె బాగుంటే సరే అనుకుంటారు. నేను వార్డులో మూడేళ్లు చేసి వెళ్లాను కాబట్టి వెంటిలేటర్ అలారం మోగితే ముందు రోగి ఛాతీ లేస్తోందా అని చూసేదాన్ని, తర్వాతే మెషిన్. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: ఐసీయూలో నడక తక్కువే కానీ ఎత్తడం ఎక్కువ. స్పృహ లేని మనిషిని వీపు పుండ్లు పడకుండా తరచూ పక్కకి తిప్పాలి, సాధారణంగా రెండు గంటలకోసారి. మీ మోకాలికి కాకపోయినా నడుముకి ఇది పరీక్షే.

ఎమర్జెన్సీ. మొదటి ఉద్యోగంగా నేను ఎవరికీ చెప్పను, ఏ వయసువాళ్లకైనా. నేర్పాలని ఉన్నా నేర్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

ఆపరేషన్ థియేటర్. క్రమపద్ధతి ఇష్టమైనవాళ్లకు స్వర్గం. అన్నీ లెక్కే: రక్తం అద్దే గుడ్డలు, సూదులు, పరికరాలు, కోత ముందు ఒకసారి, మూసే ముందు ఒకసారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన భద్రతా చెక్‌లిస్ట్‌లో కూడా ఈ లెక్క ఒక అంశం. మీలాంటి అకౌంట్స్ మనిషికి నచ్చొచ్చు. కానీ స్క్రబ్ అయ్యాక, అంటే చేతులు కడుక్కుని గౌను, గ్లవ్స్ వేసుకున్నాక, నాలుగైదు గంటలు ఒకేచోట కదలకుండా నిలబడాలి. మోకాలికి నడక కంటే నిలబడటమే ఎక్కువ శిక్ష. పైగా రోగితో మాట్లాడేది మత్తు ఇచ్చేముందు ఆ కాసేపే. మనుషులతో మాట్లాడటం కోసం నర్సింగ్‌కి వచ్చినవాళ్లు థియేటర్‌లో ఎండిపోవడం చూశాను.

డయాలిసిస్. నా చోటు కాబట్టి పక్షపాతం ఉంటుంది, కనిపెట్టి చదవండి. సాధారణంగా ఒక్కో రోగి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు వస్తాడు. ఏళ్లతరబడి వాళ్లే. వాళ్ల ఫిస్టులా (డయాలిసిస్ కోసం చేతిలో ధమనిని, సిరను కలిపి చేసిన చోటు) మీద చెయ్యి పెడితే కింద సన్నగా గరగరమనే కదలిక ఎలా ఉండాలో కళ్లు మూసుకుని చెప్పగలను, ఒకరోజు అది తగ్గితే నాకే ముందు తెలుస్తుంది. లెక్క కూడా మీకు నచ్చుతుంది: రోగి ఉండాల్సిన బరువు 60 కిలోలు, వచ్చింది 62.5 కిలోలతో, అంటే రెండున్నర లీటర్లు తీయాలి, మధ్యలో మనం ఇచ్చే ద్రవం దానికి కలపాలి. ఎక్కువ తొందరపడి తీస్తే బీపీ ఢామ్మని పడుతుంది. ఆవలింతలు, చెమట, పిక్క పట్టేయడం, ఈ మూడూ ముందు హెచ్చరికలు. చాలాచోట్ల మామూలు రోస్టర్‌లో నైట్లు ఉండవు, తెల్లవారుజామున మాత్రం లేవాలి. చిక్కేమిటంటే నేరుగా ఇక్కడ చేరితే ప్రపంచం చిన్నదైపోతుంది. మూడేళ్ల తర్వాత వార్డుకి వెళ్లాలంటే మళ్లీ మొదటినుంచే. నేను వార్డు చేసి వచ్చినందుకు సంతోషిస్తాను.

సైకియాట్రీ. వయసు నిజంగా కలిసొచ్చే చోటు ఇదొక్కటే అని నా అభిప్రాయం. కోపంతో ఊగిపోతున్న మనిషి ఎదుట గొంతు పెంచకుండా, పారిపోకుండా, ఊరికే కూర్చోగలగడం జీవితం నేర్పుతుంది, కాలేజీ కాదు. కానీ "అక్కడ మందులు, కబుర్లే కదా" అనుకుని వెళ్లొద్దు. శరీరానికి వచ్చిన జబ్బు అక్కడ తేలిగ్గా మరుగున పడుతుంది. క్లోజాపిన్ అనే మానసిక రోగాల మందు వాడే రోగిలో తెల్ల రక్తకణాలు పడిపోవచ్చు. ఆ మందు తెచ్చే మలబద్ధకం ప్రాణం మీదకు కూడా రావచ్చు. కడుపు నొప్పి అన్న రోగి మాటను భ్రమ అని కొట్టేయకుండా కడుపు మీద చెయ్యి వేసి చూసే నర్సు అక్కడ కావాలి.

లేబర్ రూమ్, పసిపిల్లల విభాగం. ఇష్టం ఉంటే వెళ్లండి, లేకపోతే ఒద్దు. తల్లులైన పెద్ద కొత్తవాళ్లు తమ కాన్పు అనుభవాన్నే కొలబద్దగా పెట్టుకోవడం ఎక్కువగా చూశాను, అది మానుకోవాలి. నెలలు నిండని పిల్లల దగ్గర వెంట్రుక లాంటి నరాలు వెతకాలి, కాబట్టి కళ్లు ఒకసారి చూపించుకోండి.

పాలియేటివ్ కేర్. చివరి దశలో ఉన్నవాళ్ల సంరక్షణ. 40 దాటిన కొత్తవాళ్లలో చాలామందికి దీని మీద ఆశ ఉంటుంది, తరచూ సొంత మనిషిని పోగొట్టుకున్నాకే వాళ్లు నర్సింగ్‌కి వస్తారు. నొప్పి మందుల మోతాదులు, ఊపిరాడని మనిషిని కుదుటపరచడం ముందు వార్డులో నేర్చుకుని వెళ్తే మంచిది. ఈ రంగానికి దారి వేసిన సిసిలీ సాండర్స్ కథ మీకు నచ్చుతుంది. ఆవిడ నర్సుగా శిక్షణ పొందారు, నడుము నొప్పి వల్ల ఆ పని వదలాల్సి వచ్చింది, ఆస్పత్రిలో సామాజిక కార్యకర్తగా చేశారు, ఆ తర్వాత వైద్యం చదివి 1957లో, దాదాపు 40 ఏళ్ల వయసులో డాక్టరయ్యారు. లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది 1967లో.

ఒంటి సంగతి

సాండర్స్ నడుము గురించి ఊరికే చెప్పలేదు. నర్సులను ఇంటికి పంపేది మోకాలి కంటే నడుమే ఎక్కువ. మనుషులను చేతులతో ఎత్తేటప్పుడు అనుకూలమైన పరిస్థితిలో కూడా బరువు 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు దాటకూడదని అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ చెప్పే హద్దు. పెద్ద మనిషి ఒక కాలే అంత బరువు ఉండొచ్చు. కాబట్టి వార్డులో రోగిని జరపడానికి జారుడు షీట్లు, రోగిని ఎత్తే మెషిన్ (లిఫ్ట్) ఉన్నాయా అని అడగండి. ఉంటే సరిపోదు, వాడుతున్నారా అని చూడండి. మా పాత వార్డులో లిఫ్ట్ ఉండేది, దాని మీద దుప్పట్లు ఆరేసేవాళ్లు. "చిన్నవాళ్లం, మేం ఎత్తేస్తాం అక్కా" అంటారు. ఒప్పుకోకండి, వాళ్ల నడుము కోసం కూడా.

మోకాలు: చేరకముందే డాక్టరుకి చూపించండి. తొడ కండరం గట్టిపడే వ్యాయామం ఇప్పటినుంచే మొదలుపెడితే 12 గంటల షిఫ్ట్ నాటికి తేడా తెలుస్తుంది. బూట్ల దగ్గర పిసినారితనం వద్దు. ఇంకోటి, చత్వారం వచ్చి ఉంటే కళ్లజోడు జేబులో కాదు, మెడకు తాడుతో వేలాడాలి. తెల్లవారుజామున మూడింటికి చిన్న మందు సీసా (యాంప్యూల్) మీద అక్షరాలు చదవాల్సింది మీరే.

నైట్ డ్యూటీల గురించి అబద్ధం చెప్పను. వయసు పెరిగేకొద్దీ వాటినుంచి తేరుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్ట్ పనిని బహుశా క్యాన్సర్ కారకమే అన్న జాబితాలో 2007లో పెట్టింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. అలాగని మొదటి రెండేళ్ల నైట్లు చూసి భయపడక్కర్లేదు. పగలు, రాత్రి ఒకే వారంలో కలగాపులగంగా వేసే రోస్టర్ మాత్రం వద్దు. మొదటి నైట్‌కి ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకోండి. ఆఖరి నైట్ తర్వాత బండి నడుపుకుంటూ ఇంటికి రావద్దు. నేనొకసారి సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీద తల పెట్టి నిద్రపోయాను, వెనకవాళ్ల హారన్లే నన్ను లేపాయి.

సంతకం పెట్టేముందు అడగాల్సినవి

"మూడు నెలల శిక్షణ" అని కాగితం మీద ఉండటం వేరు. ఆ మూడు నెలలూ మిమ్మల్ని రోస్టర్‌లో విడిగా లెక్కేస్తారా, లేక ఎవరైనా సెలవు పెట్టగానే మీకు ఎనిమిది మంది రోగులను అప్పగిస్తారా? ఇది ఇన్‌చార్జ్ సిస్టర్‌ని సూటిగా అడగండి. నేర్పేది ఒకే మనిషా, రోజుకొకరా? మూడు నెలల తర్వాత నైట్‌లో మీతో ఎంతమంది ఉంటారు, వాళ్లలో అయిదేళ్లు దాటినవాళ్లు ఎవరైనా ఉంటారా? గత ఏడాది చేరిన కొత్తవాళ్లలో ఎంతమంది ఇంకా ఉన్నారు? ఈ చివరి ప్రశ్నకు సిస్టర్ తటపటాయిస్తే మీకు జవాబు దొరికినట్టే.

వీలైతే ఒక పూట వార్డుకి వెళ్లి హ్యాండోవర్ టైములో, అంటే షిఫ్ట్ మారేటప్పుడు రోగులను అప్పజెప్పే సమయంలో, ఓ మూల నిలబడతానని అడగండి. రోగి గురించి చెప్తున్నప్పుడు ఎవరైనా ప్రశ్న అడిగితే ఎదుటివాళ్లు మొహం ఎలా పెడుతున్నారో చూడండి. "ఇది కూడా తెలియదా" అన్న మొహం పెడితే ఆ వార్డులో మీ నోరు కూడా నాలాగే మూసుకుపోతుంది, అప్పుడు ఎంత పేరున్న ఆస్పత్రైనా వద్దు. అలాంటప్పుడు నా జవాబు కూడా మారుతుంది: ఆ సర్జరీ వార్డు వదిలేసి ఇంకో వార్డు వెతుక్కోండి, ఒకటి రెండు నెలలు ఆలస్యమైనా సరే. ఇళ్లకు వెళ్లే పనికి మాత్రం ఇప్పుడే వద్దు.

ఆ రెండోవాళ్లతో తెగతెంపులు చేసుకోకండి. "ఆస్పత్రిలో రెండేళ్లు చేసి వస్తాను, అప్పుడు తీసుకుంటారా" అని అడగండి. నేర్చుకుని వస్తాననే మనిషిని వాళ్లు గుర్తుపెట్టుకుంటారు. అప్పటికి మీకు 45. నాతోపాటు ఐసీయూలో చేసిన ఒకావిడ 51వ ఏట ఆ పనిలోకి మారింది, ఇప్పుడు కొత్తవాళ్లు ఇళ్లనుంచి ఫోన్ చేసి "ఇక్కడ ఎర్రగా ఉంది, ఏం చేయను" అని అడిగేది ఆవిడనే.